ఇప్పపూల మీద శవం

హంతకురాలు నిద్రపోతోంది.

మద్దిగూడెం పోలీసు చౌకీలో ఉన్నది ఒక్కటే లాకప్పు గది. గచ్చు నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది అన్నపూర్ణ. పదిహేడేళ్ల పిల్ల. ఊచల ఇవతల నిలబడి శేషగిరిరావు ఆమెనే చూస్తున్నాడు. హైదరాబాదు సి.ఐ.డి.లో పనిచేసిన రోజుల్లోనూ, ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ వృత్తిలోకి దిగాకా, నేరం ఒప్పుకున్నవాళ్లను అతను చాలామందిని చూశాడు. ఏడ్చేవాళ్లుంటారు. గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లుంటారు. ఎన్నాళ్ల నిద్రో ఒక్కసారిగా తీర్చుకుంటున్నట్టు ఇలా పడుకున్నవాళ్లను మాత్రం చూడలేదు.

"లేపండి రావ్ సాబ్," వెనకనుంచి సబ్ ఇన్‌స్పెక్టర్ సేఠియా అన్నాడు. "అడగాల్సింది అడిగేయండి. మధ్యాహ్నం జీపులో జగదల్‌పూర్ పంపించేస్తాను. మెజిస్ట్రేటు ముందు కూడా నేరం ఒప్పుకుంటూ బయాన్ ఇచ్చేస్తే కేసు ఖతం. ఈ సరిహద్దుకొచ్చాక ఇంత సులువైన కేసు నాకు తగల్లేదు."

"సులువైన కేసంటేనే నాకు భయం."

"భయపడటానికేనా సుశీలమ్మ మీకు ఫీజిస్తోంది?"

శేషగిరిరావు నవ్వలేదు. సుశీలమ్మ అన్నపూర్ణకు పిన్ని, తల్లికి చెల్లెలు. సరిహద్దు అవతల చర్లలో ఉంటుంది. తల్లీ తండ్రీ ఒకే వారంలో కలరాతో పోయాక, పిల్ల పెదనాన్న ధర్మయ్య పంచన చేరింది. కోర్టు కూడా ఆయన్నే సంరక్షకుడిగా ఒప్పుకుంది. ధర్మయ్య చింతపండూ ఇప్పపువ్వూ కొనే వ్యాపారి. రెండేళ్లుగా ఆయన ఇంట్లో ప్రతి శుక్రవారం అన్నపూర్ణకు అమ్మవారు పూనుతోంది. పిల్ల తెర వెనక కూర్చుంటుంది. పలికిన మాటను ధర్మయ్య బయటకొచ్చి జనానికి చెబుతాడు. ఇంద్రావతికి రెండు వైపులనుంచీ బళ్లు కట్టుకుని వస్తారు.

ఆ పిల్లను చర్ల కుర్రాడు వెంకన్నకిచ్చి చెయ్యాలని సుశీలమ్మ పట్టుబట్టింది. వెంకన్న తునికాకు కల్లంలో గుమాస్తా. ఆకు కాలానికి ముందు పొదలు కొట్టించడానికి వచ్చి ఈ గూడెంలోనే ఉంటున్నాడు. ధర్మయ్య ఎందుకు అడ్డుపడుతున్నాడో కనుక్కోమని సుశీలమ్మ పంపితే, శేషగిరిరావు నిన్న, శుక్రవారం సాయంత్రమే ఇక్కడ దిగాడు. దిగేసరికి ధర్మయ్య వాకిట్లో జనం గుంపులు కట్టి గుసగుసలాడుతున్నారు. అమ్మ పలికిందట: వెంకన్న పొద్దు పొడిచేసరికి అమ్మచెట్టు కింద పడి ఉంటాడట.

పొద్దు పొడిచింది. వెంకన్న అక్కడే పడి ఉన్నాడు.

"అన్నపూర్ణా," శేషగిరిరావు మెల్లగా పిలిచాడు. "మీ సుశీల పిన్ని పంపింది నన్ను."

పిల్ల కళ్లు తెరిచింది. లేచి కూర్చుని పైట సర్దుకుంది.

"వెంకన్నను నువ్వే చంపానన్నావట."

"నేనే."

"ఎట్లా?"

"రాత్రి అందరూ పండుకున్నంక అమ్మచెట్టు కాడికి తీస్కపోయిన. అమ్మ మాట నిజమైంది. పడిపోయిండు."

"ఏమైనా తినిపించావా?"

"లే... ఆఁ. తినిపించిన."

"ఏం తినిపించావు?"

పిల్ల గచ్చు మీద వేలితో గీతలు గీసింది.

"ఆ రాత్రి అతను ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

"తల ఎత్తి సూడలే."

"మనిషిని ఊరవతలిదాకా నడిపించుకుపోయి, తినిపించి, తల ఎత్తి చూడలేదా?"

"చీకట్లో రంగు ఏం కనబడుతుంది రావ్ సాబ్!" సేఠియా అడ్డం వచ్చాడు.

"అయితే చేతిలో ఉన్నదేదో ఆ చీకట్లో నోటికెట్లా అందించింది?" అని, శేషగిరిరావు మళ్లీ పిల్ల వైపు తిరిగాడు. "పూనకంలో పలికింది నీకు గుర్తుంటుందా అమ్మా?"

"ఉండదు. అమ్మ ఎల్లిపోయినంక పెదనాన్న చెప్తడు, నేనేం పలికిన్నో."

"పెదనాన్న చెప్పకపోతే?"

"నాకేం తెల్వదు."

"పూనకానికి ముందు ఏమైనా తాగిస్తాడా?"

పిల్ల ఒక్క క్షణం అతని కళ్లలోకి చూసింది. అంతవరకూ పాఠం అప్పజెప్పిన ముఖం అది. ఆ ఒక్క క్షణంలో మాత్రం ఇంకెవరో లోపలనుంచి చూసినట్టనిపించింది.

"బెల్లం నీళ్లు," అంది. మళ్లీ పడుకుని గోడవైపు తిరిగింది.

బయట వరండాలో కానిస్టేబుల్ హిడ్మా తుపాకి శుభ్రం చేసుకుంటున్నాడు. రాత్రి కాపలా అతనిదే.

"ఈ పిల్ల ఎన్నింటికొచ్చింది హిడ్మా?"

"గడియారం మన దగ్గర లేదు సార్. వేగుచుక్క ఇంకా పొడవలేదు. చీకటే. ఒక్కతే వచ్చింది. 'వెంకన్నను సంపిన, లోపలెయ్యి' అన్నది. నాకు వణుకు పుట్టింది. అమ్మ పూనే పిల్లాయె. ముట్టుకుంటే ఏమవుతదో ఏందో! తలుపు తెరిస్తే తనే పోయి లోపల కూసున్నది."

"ఆ తర్వాత బయటికి రాలేదా?"

"తాళం నా మొలతాడుకే ఉన్నది సార్."

శేషగిరిరావు తల ఊపాడు. "పదండి సేఠియా గారూ. హిడ్మానూ రమ్మనండి. శవాన్ని ఇంకా కదపలేదుగా?"

"మీరు కదపొద్దన్నారనే కదపలేదు. ఎండెక్కితే వాసన మీరే భరించండి."

*

అమ్మచెట్టు ఊరికి దూరంగా, పొలాల అంచున ఉన్న ముదురు ఇప్పచెట్టు. మిగతా ఇప్పచెట్లు తలా ఒక ఇంటివి. ఎవరి చెట్టు కింద పువ్వు వాళ్లు చీకటితోనే పోయి ఏరుకుంటారు. ఈ చెట్టుది మాత్రం వేరే పద్ధతి. పూజారి వచ్చి కోడిగుడ్డు పెట్టి మొక్కాకే ఎవరైనా దాని కింద వంగాలి. పొద్దున ఆ మొక్కుబడికి వచ్చిన పూజారే శవాన్ని చూసి కేకలు పెట్టాడు.

జనం దూరంగా నిలబడ్డారు. ముందు ధర్మయ్య. తెల్లటి ధోవతి, మెడలో తులసిపూసలు, చేతులు జోడించి ఉన్నాయి. పక్కనే ఆయన ఎడ్లబండి.

"శవాన్ని జీపుదాకా తీస్కపోనీకి బండి తెచ్చిన దరోగా సాబ్," అన్నాడు సేఠియాతో. "మా పిల్ల నోటి మాటకు పోయిన ప్రాణం. ఈ మాత్రం సేవ అన్నా నేను చెయ్యాలె." తర్వాత శేషగిరిరావు వైపు చూసి, "రావుగారూ, మీరు పట్నపోళ్లు. దేవతను నమ్మరు కాబోలు," అన్నాడు.

"దేవతతో నాకు పేచీ లేదు ధర్మయ్యగారూ. మధ్యవర్తులతోనే."

జనంలో ఎవరో నవ్వబోయి దగ్గారు.

శేషగిరిరావు చెప్పులు విడిచి చెట్టు కిందికి నడిచాడు. ఆకులు తగలబెట్టి ఊడ్చిన నేల నల్లగా, నున్నగా ఉంది. ఆ నలుపు మీద తెల్లారగట్ల రాలిన ఇప్పపువ్వు, లేత పసుపు ముత్యాల్లా పరుచుకుని ఉంది. తియ్యటి, మత్తు వాసన. ఆ పూల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు వెంకన్న. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. పెదాల మీద నురగ ఎండి తెల్లటి చారలు కట్టింది. నీలం గళ్ల చొక్కా. జేబులో దువ్వెన. మోకాళ్లు మడిచి గాల్లోకి లేచి ఉన్నాయి.

శేషగిరిరావు వంగి అతని కళ్లు మూయబోయాడు. మూతపడలేదు. చర్లలో ఈ కుర్రాడికి తల్లి ఉందని నిన్ననే ఎవరో చెప్పారు. ఆవిడకు ఈ సంగతి చెప్పవలసింది తనేనని ఇప్పుడు గుర్తొచ్చింది. ఎట్లా మొదలుపెట్టాలో తోచలేదు. ఆ ఆలోచనను పక్కకు పెట్టి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"చూశారా?" అన్నాడు సేఠియాతో. "నేల మీద పడి చచ్చినవాడి మోకాళ్లు ఇట్లా గాల్లో నిలబడవు. ఏ ఇరుకులోనో ముడిచిపెడితే అక్కడే బిగుసుకున్నాయి."

"విషం తింటే మెలికలు తిరుగుతారు."

"సరే. మెలికలే అనుకుందాం. ఇతను ఇక్కడికి ఎప్పుడొచ్చాడు?"

"అర్ధరాత్రి. అందరూ పడుకున్నాకని పిల్లే చెప్పిందిగా."

"హిడ్మా, ఇతన్ని ఆ భుజం పట్టుకుని పైకెత్తు. సేఠియా గారూ, మీరు ఇటు వంగి కింద చూడండి."

శవం లేచింది. సేఠియా వంగాడు.

శవం కింద పూలున్నాయి. ఒకటీ రెండూ కాదు. చుట్టూ నేల మీద ఎంత ఒత్తుగా ఉన్నాయో కిందా అంత ఒత్తుగా, వీపు బరువుకు నలిగి, తేనె కారి చొక్కాకు అంటుకుని ఉన్నాయి.

"పూలు. అయితే?"

"శవం పైన ఎన్ని ఉన్నాయి?"

సేఠియా చూశాడు. కడుపు మీద రెండు. చంకలో ఒకటి.

"ఈ చెట్టు కింద నిన్నటి పువ్వు నిన్ననే ఏరేశారు. రాత్రికి నేల ఖాళీ. కాదా పూజారీ?"

దూరంనుంచి పూజారి అవునన్నాడు.

"ఇప్పపువ్వు రాత్రంతా రాలదు సేఠియా గారూ. కోడికూతకు మొదలై పొద్దెక్కేసరికి ఆగిపోతుంది. నేను భోపాల్‌పట్నంలో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు ఈ పూలమీదే పడి దొర్లాను. ఇతను అర్ధరాత్రి ఇక్కడ పడి ఉంటే కింద ఉత్త బూడిద నేల ఉండాలి, పైన పూలదుప్పటి ఉండాలి. ఇక్కడంతా తారుమారుగా ఉంది. పూలు చాలావరకు రాలాక, ఇంచుమించు తెల్లవారాక తెచ్చి పడేశారు."

సేఠియా మీసం చివర నోట్లోకి లాక్కుని కొరుకుతున్నాడు. తెలివితక్కువవాడు కాదతను. తొందర మనిషి, అంతే.

"అప్పటికి పిల్ల..."

"మీ లాకప్పులో ఉంది. తాళం హిడ్మా మొలతాడుకుంది."

జనంలో గుసగుస లేచింది. ధర్మయ్య చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ముఖంలో మాత్రం రవ్వంత ఆశ్చర్యం. అది దొంగ ఆశ్చర్యం కాదని శేషగిరిరావుకు తోచింది. ఎండిన ఇప్పపువ్వును గుప్పిట పట్టి నాణ్యం చెప్పగల మనిషి ఆయన. పువ్వు బస్తాల్లో ఆయన అరుగు మీదికి వస్తుంది. అది చెట్టునుంచి ఏ వేళ రాలుతుందో చూడవలసిన అవసరం ఆయనకు ఏనాడూ కలగలేదు.

శేషగిరిరావు నేల వెతుక్కుంటూ పది గజాలు నడిచాడు. పూలపరుపును చీల్చుకుంటూ రెండు చక్రాల జాడలు. ఆ జాడల్లో పువ్వు మట్టిలోకి చితికి జిగురైపోయింది.

"ఇది ఈ బండి జాడేనా ధర్మయ్యగారూ?"

"నేను బండిని ఆ గట్టు కాడనే ఆపిన గదా. చెట్టు కిందికి రాలే."

"ఇప్పుడు రాలేదు. అది నేనూ చూశాను." శేషగిరిరావు బండి దగ్గరకు వెళ్లి చక్రం మీద చెయ్యి పెట్టాడు. ఇనుప పట్టా చల్లగా తగిలింది. చక్రపు ఆకుకర్రల మధ్య ఇంకా నీళ్లున్నాయి. "పొద్దున్నే చక్రాలు కడిగించారా?"

"శవాన్ని మోసే బండి. శుద్ధి చెయ్యొద్దా?"

"మోశాక చేస్తారు శుద్ధి. మోయకముందే చేశారేం?"

ధర్మయ్య నవ్వాడు. ఓపికగా, పిల్లవాడి ప్రశ్నకు నవ్వినట్టు. "దరోగా సాబ్, బండి కడుక్కునుడు కూడా నేరమేనా మీ చట్టంల?"

సేఠియా శేషగిరిరావును మోచెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"ఏం చేస్తున్నారు మీరు? ఆయన ఇక్కడ పెద్దమనిషి. మా ఇంటిది కూడా ఆయన చేత తాయెత్తు కట్టించుకుంది."

"పిల్లకు పెళ్లయితే అమ్మ పూనదు. శుక్రవారాలు ఉండవు. బళ్లు రావు. వెంకన్న బతికుండటం ఎవరికి నష్టం? నిన్న రాత్రి ఆయన వాకిలినిండా మొక్కులవాళ్లు పడుకున్నారు. నేనూ వాళ్ల మధ్యనే పడుకున్నాను. కోడి కూశాకే అందరూ లేచి బళ్లు కట్టారు. వాకిలి ఖాళీ అయ్యేదాకా, ఆ పక్కనే ఉన్న ఆయన పువ్వు బస్తాల గోదాంలోనుంచి శవాన్ని తియ్యడానికి లేదు. అందుకే ఆలస్యమైంది."

"సబూత్ ఉందా, రుజువు? శవాన్ని బండెక్కించడం చూసినవాడున్నాడా?"

"లేడు."

"తడి చక్రాన్ని మెజిస్ట్రేటుకు చూపించమంటారా? జగదల్‌పూర్ చేరేలోపల ఆరిపోతుంది." సేఠియా టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మీరు నా కేసు చెడగొట్టారు. కొత్త కేసు ఇవ్వలేదు. సరే. పిల్ల చంపలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. తప్పుడు బయాన్ మీద ఆడపిల్లను జైలుకు పంపి పైవాళ్లతో తిట్లు తినలేను. మీరు గెలిచారు రావ్ సాబ్. సంతోషమేనా?"

శేషగిరిరావుకు నిజంగానే సంతోషం కలిగింది. చర్లకు తీసుకుపోవడానికి ఒక్క మంచి కబురైనా దొరికింది.

*

చౌకీకి తిరిగొచ్చేసరికి ధర్మయ్య వాళ్లకంటే ముందే వరండా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. శవం జీపెక్కింది. ఆయన బండి చౌకీ ముందే ఆగి ఉంది. సేఠియా లోపల కాగితాల మీద కొట్టివేతలు రాస్తున్నాడు. శేషగిరిరావు ఊచల దగ్గరకు వెళ్లాడు.

"అమ్మా, ఇంక భయం లేదు. నువ్వు చంపలేదని తేలిపోయింది. నిన్ను ఇంటికి..."

పిల్ల గబుక్కున లేచి కూర్చుంది. ముఖంలో రక్తం లేదు.

"ఎవరు తేల్చిండ్రు?"

"నేనే."

"ఎంత పని చేసినవ్ సారూ!" అంది. తిట్టినట్టు లేదు. పసిపిల్ల చేతిలోది జారి పడ్డట్టు ఉంది గొంతు. ఊచల్లోంచి చెయ్యి చాచి అతని చొక్కా అంచు పట్టుకుని దగ్గరకు లాక్కుంది. "నేను ఎందుకొచ్చిన ఇక్కడికి? ఈ గూడెంల పెదనాన్న తియ్యలేని తలుపు ఇదొక్కటే ఉన్నది."

"అన్నపూర్ణా..."

"బెల్లం నీళ్లు తాగుడు మానేసిన సారూ. తాగినట్టు జేసి పైట కిందికి ఒంపుకుంటున్న. పోయిన నెలనుంచి. కండ్లు మూసుకుని తెలివితోనే కూసుంటున్న. నా నోటినుంచి ఏం రాదు. ఒక్క మాట రాదు. ఆయనే నా వెనక కూసుని గొంతు మార్చి పలుకుతడు. మళ్ల బయటికి పోయి అమ్మ జెప్పిందంటడు."

"వెంకన్న పేరు..."

"ఆయనే పలికిండు. గురువారం గోదాంల ఒక్కడే గూసుని ఆడగొంతుతోటి అలవాటు చేసుకుంటడు. ఈ గురువారం నేను గోడవతల నిలబడి ఇన్న. వెంకన్న పేరు పలికిండు. పదేపదే పలికిండు. చెప్పనీకి వెంకన్న కాడికి ఉరికిన. వెంకన్న నవ్విండు సారూ. మీ పెదనాన్న నన్నేం చేస్తడు, రేపు విందుకు కూడా పిలిచిండు, అన్నడు."

శేషగిరిరావు ఊచను గట్టిగా పట్టుకున్నాడు.

"అంతకాడికే అయిపోలే. అదే గొంతుతోటి ఇంకో మాట పలికిండు. వచ్చే శుక్రవారం కోసం. 'నా బిడ్డను నాలో కలుపుకుంటున్న, దాని మీద గద్దె కట్టుండ్రి' అని. ఆ బిడ్డ ఎవరు సారూ? నేనే గదా!"

ధర్మయ్యకు, పెళ్లి చేసుకుపోయే పిల్లకంటే పూడ్చిపెట్టి పైన గద్దె కట్టిన పిల్లే నయం; మొక్కుల బళ్లు వస్తూనే ఉంటాయి. గద్దెకు పిన్ని ఉండదు. సంబంధాలు రావు. శేషగిరిరావుకు అంతా ఒక్కసారిగా కళ్లకు కట్టింది. తను పొద్దుటినుంచీ ఒక్కొక్క పువ్వూ ఏరి కట్టిన రుజువు, ఈ పిల్లను ఏ చేతుల్లో పెట్టబోతున్నదో కూడా.

"ఇదంతా సేఠియాకు చెప్పు."

"ఆయన ఇంటామెకు తాయెత్తు కట్టింది ఎవరు?"

వెనక తాళాల చప్పుడు. సేఠియా వస్తున్నాడు. శేషగిరిరావు ఊచలకు ముఖం ఆనించి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు:

"డ్యూటీలో ఉన్న పోలీసు మీద చెయ్యి చేసుకుంటే ఏ పెదనాన్నా విడిపించలేడు."

పిల్లకు అర్థమైందో లేదో తెలియలేదు. సేఠియా తాళం తీశాడు. "చల్ బేటీ. ఇంటికి పో. మైనరువి కాబట్టి మీ పెదనాన్నకు అప్పగిస్తున్నా. ఇంకెప్పుడూ ఇట్లాంటి అబద్ధాలు చెప్పకు."

"రా తల్లీ," ధర్మయ్య గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచాడు. ఆ గొంతులో అంత ప్రేమ ఎట్లా వచ్చిందో! "రాత్రంతా కటిక నేల మీద పండుకున్నవ్. రా బిడ్డా."

అన్నపూర్ణ తల వంచుకుని నడిచింది. ఒక అడుగు. ఇంకొకటి. అర్థం కాలేదు, అనుకున్నాడు శేషగిరిరావు. సరిగ్గా సేఠియా ముందుకొచ్చాక ఆగింది. తల ఎత్తింది. చెయ్యి లేచింది.

చెంపదెబ్బ చప్పుడు రోడ్డుదాకా వినిపించి ఉంటుంది. సేఠియా టోపీ ఎగిరి హిడ్మా కాళ్ల దగ్గర పడింది. హిడ్మా నోరు తెరిచి, దాన్ని తియ్యాలో వద్దో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

"అమ్మ పూనిందేమో సార్," అన్నాడు చివరికి.

"అమ్మా లేదు, అయ్యా లేడు!" సేఠియా చెంప పట్టుకుని గర్జించాడు. "లోపలెయ్! తాళమెయ్! నేను చెప్పేదాకా తియ్యొద్దు!" తర్వాత శేషగిరిరావు మీదికి తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "ఊచల దగ్గర దానికేదో ఊదావు. నేను చూశాను. నా చౌకీలోనుంచి బయటికి నడువు. మళ్లీ ఈ మెట్టెక్కినా, ఒక్క మాట మాట్లాడినా, నిన్నూ పక్కనే కూర్చోబెడతా!"

తాళం పడింది. అన్నపూర్ణ ఊచల వెనకనుంచి శేషగిరిరావు వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో నవ్వులాంటిది మొదటిసారి కనిపించింది. హిడ్మా అతని భుజం పట్టుకుని, కొంత మర్యాదగానే, మెట్లు దింపుతున్నాడు.

అప్పుడు ధర్మయ్య గొంతు వినిపించింది. కోపం లేదు. కంగారు లేదు.

"మీ మాటే నాకు శిరోధార్యం దరోగా సాబ్. తప్పు చేసింది, ఉండనియ్యండి. కాకపోతే నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు పిల్ల. ఇంటి అన్నం పెడితే అభ్యంతరం లేదు గదా?"

"పెట్టుకో," అన్నాడు సేఠియా, చెంప రుద్దుకుంటూ.

శేషగిరిరావు మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. నోరు తెరిచేలోపే హిడ్మా చెయ్యి అతన్ని కిందికి తోసింది.

ధర్మయ్య అన్నం కోసం ఇంటికి కబురు పంపలేదు. క్యారియర్ అప్పటికే బండిలో ఉంది.